సబ్బునీళ్ళలో పోయిన చీటీలు



ఈసారి గోడపత్రికకు నన్ను "నాకు నచ్చిన పండుగ" గురించి రాయమన్నారు. నేను బతిమాలుకొని విషయం మార్చుకున్నాను. ఎందుకంటే ముందు ఒక మాట చెప్పాల్సి ఉంది. సైన్స్ గదిలో రాళ్ళ పెట్టెలోని చీటీలు పాడుచేసింది లచ్చు కాదు. నేను. కిటికీ మూయకపోతే వాన జల్లు పడి తడిసిపోయాయని మీరంతా అనుకున్నారు. కిటికీ మూసే ఉంది. తాళంచెవి లచ్చు దగ్గర ఉండేది కాబట్టి వాడు మూడు రోజులు మాటలు పడ్డాడు, తాళంచెవి కూడా పోగొట్టుకున్నాడు. సార్‌తో నేను ఒప్పుకున్నాను గానీ మీ ముందు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

జరిగింది ఇది. సైన్స్ ఫెయిర్‌కి ఆ రాళ్ళు పట్టుకుపోతామని సార్ చెప్పారు. అవి దుమ్ముకొట్టుకొని ఉన్నాయి. మెరిసేలా చేస్తే సార్ మెచ్చుకుంటారని శనివారం మధ్యాహ్నం లచ్చు దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నా. బకెట్లో సబ్బుపొడి కలిపి నాలుగు రాళ్ళూ వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. ఒక్కొక్క రాయికి చిన్న చీటీ జిగురుతో అంటించి ఉంది. సిరా పెన్నుతో రాసినవి. నీళ్ళు నీలంగా మారినాక గానీ నాకు అర్థం కాలేదు. చీటీలు తెల్లగా, రాళ్ళు నల్లగా, బ్రహ్మాండంగా మెరుస్తున్నాయి.

అంతటితో ఆగినా బాగుండేది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక, అంతకుముందు సార్ పాఠంలో చెప్పిన పేర్లు గుర్తు చేసుకొని, నాలుగు కొత్త చీటీలు రాసి అంటించాను. ఏ రాయికి ఏ పేరు అనేది నా ఊహ. సోమవారం సార్ చూశారు. జర్మనీ నుంచి వచ్చిన రాయి మీద "కచ్, గుజరాత్" అని ఉంది. సార్ చేతిరాత గొలుసుకట్టు, నాది గుండ్రంగా ఉంటుంది. "ఇవి ఎవరు రాశారు?" అంటే ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు.

బుధవారం సాయంత్రం సార్ గదికి పోయి చెప్పేశాను. సార్ కొట్టలేదు. చాలాసేపు ఏమీ అనలేదు, అది ఎక్కువ బాధ అనిపించింది. తర్వాత ఒక పాత నోటుబుక్కు తీశారు. అందులో పెట్టెలోని రాళ్ళ జాబితా ఉంది, నాలుగు వరసలు. మూడింటికి పేరు, ఊరు ఉన్నాయి. నాలుగో వరసలో మాత్రం "ఒంటరి పగడం. వివరాలు చీటీ మీద" అని ఉంది. ఆ చీటీ నా బకెట్లో కరిగిపోయింది. ఆ రాయి సార్‌కి ఆయన గురువుగారు రిటైరయ్యేటప్పుడు ఇచ్చింది.

సార్ అన్నారు, "పేర్లు పోగొట్టింది నువ్వు. వెతికేది కూడా నువ్వే. లచ్చుని తోడు తీసుకో. ఏ రాయి ఏదో నన్ను అడగొద్దు. తెలిసింది రాయి, తెలియనిచోట ఖాళీ వదిలిపెట్టు."

ఇక ఆ రాళ్ళ సంగతి చెబుతాను. పగడం అంటే మనకు ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పూస గుర్తొస్తుంది. నిజానికి పగడం సముద్రంలో బతికే మెత్తటి జీవి. మూతి చుట్టూ చిన్న చిన్న చేతులు ఉంటాయి. తన కింద తానే సున్నంతో గట్టి గిన్నె కట్టుకుంటుంది. చాలా పగడాలు వేలకొద్దీ కలిసి ఒకే కట్టడంలో ఉంటాయి, మన హాస్టల్ లాగా. ఒంటరి పగడం అట్లా కాదు. ఒక్క జీవి, ఒక్క ఇల్లు, చేను మధ్య కాపలా మంచె లాగా. జీవి చచ్చి కుళ్ళిపోయినా గిన్నె మిగులుతుంది. సముద్రం అడుగు మట్టిలో పూడుకుపోయి కోట్ల ఏళ్ళకు రాయవుతుంది. దాన్నే శిలాజం అంటారు.

గిన్నె లోపల చూస్తే, నడుమ నుంచి అంచు దాకా నిలువు పలకలు వరసగా ఉంటాయి. పుట్టగొడుగు తిరగేసి చూడండి, అచ్చం అట్లాగే. వీటిని సెప్టా అంటారు. పగడాన్ని గుర్తుపట్టాలంటే వీటినే చూడాలి. ఎన్ని ఉన్నాయి, ఏ వరసలో పుట్టాయి, పొడుగు పొట్టి ఎట్లా ఉన్నాయి, అంచు నున్నగా ఉందా పళ్ళు పళ్ళుగా ఉందా అని. పైరూపం తర్వాత సంగతి. ఈ మాట మాకు తెలియక రెండు రోజులు వేస్టు చేశాం.

ఒకటి మాత్రం మొదటి రోజే దొరికింది. అది చెప్పు ముందుభాగం లాగా ఉంటుంది, ఒకవైపు చదును, మీద అర్ధచంద్రాకారపు మూత. మూత ఉన్న పగడం అని జాబితాలో సార్ రాసుకున్నారు, కాల్సియోలా, జర్మనీలో ఐఫెల్ కొండలు. నేను "కచ్" అని రాసింది దీనిమీదే. మూత ఉంది కాబట్టి మొదట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా దీన్ని గుల్లపురుగు అనుకున్నారు. స్వీడన్ దేశపు లినేయస్ 1771లో దీన్ని ఒక గుల్ల జాతిలో కలిపి చెప్పు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తర్వాత లామార్క్ జాతిపేరు మార్చాడు, దాని అర్థం కూడా చిన్న చెప్పే. చాలాకాలానికి గానీ ఇది పగడం అని తేలలేదు. జాతిపేరు మారింది కాబట్టి ఇప్పుడు పుస్తకాల్లో లినేయస్ పేరును బ్రాకెట్లో రాస్తారట. అంటే మొదట గమనించినవాడు ఇతనే, ఇల్లు మాత్రం మారింది అని. తప్పు చేసినా పేరు తీసెయ్యలేదు, అది నాకు కాస్త ధైర్యం అనిపించింది.

మిగిలినవి రెండు కొమ్ము రాళ్ళు, ఒక విరిగిన ముక్క. కొమ్ము రాళ్ళు రెండూ మేకపిల్ల కొమ్ములంత ఉంటాయి. జాబితా ప్రకారం ఒకటి హీలియోఫిల్లమ్, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, 38 కోట్ల ఏళ్ళ పైమాట. ఇంకోటి మాంట్లివాల్టియా, కచ్, సుమారు 16 కోట్ల ఏళ్ళు. కచ్‌ది సార్ చదువుకునే రోజుల్లో టూర్‌కి పోయి స్వయంగా ఏరుకొచ్చింది. ఏది ఏది?

సార్ ఒక్క సూచన ఇచ్చారు. మొదటిది రుగోసా అనే పాత గుంపు, రెండోది ఇప్పటి సముద్రాల్లో కూడా ఉన్న కొత్త గుంపు. పాత గుంపు 25 కోట్ల ఏళ్ళ కింద, పెర్మియన్ కాలం చివర్లో సముద్రాల్లో చాలా జీవులు నశించినప్పుడు పూర్తిగా అంతరించిపోయింది. కొత్త గుంపు ఆ తర్వాత ట్రయాసిక్ కాలంలో కనబడుతుంది. రుగోసా అంటే ముడతలు అని అర్థం. ఇంకేముంది, ముడతలున్నది రుగోసా అని నేను ఎగిరి గంతేశాను. లచ్చు రెండోది తిప్పి చూపించాడు. "ఒరే, దీనికీ ముడతలున్నాయిరా." నిజమే. రెండింటి మీదా బయటి తోలు ముడతలు ముడతలుగానే ఉంది.

తర్వాత ల్యాబులోని పలచటి యాసిడ్ ఒక్కో చుక్క వేశాం. రెండూ బుస్సుమన్నాయి. రెండూ సున్నమే కదా, పొంగక ఏం చేస్తాయి? దీనికి మాత్రం సార్‌కి కోపం వచ్చింది. యాసిడ్ గీతలను తినేస్తుంది, ఇంకోసారి వేస్తే పెట్టె ముట్టనివ్వనన్నారు.

ఆదివారం మా తాత నన్ను చూడటానికి వచ్చాడు. ఉడకేసిన చిలగడదుంపలు తెచ్చాడు. రాయి చేతికిచ్చాను. మా తాత పండుగలకు కొమ్ముల కిరీటం పెట్టుకొని డోలు వాయించిన మనిషి, కొమ్ము సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. అటూ ఇటూ తిప్పి కోయ మాటలో అన్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నా. "ఇది కొమ్ము కాదురా. కొమ్ము లోపల బోలుగా ఉంటది. దీని లోపల గోడలున్నయ్. కానీ చుట్లు మాత్రం కొమ్ము లెక్కనే ఉన్నయ్. ఆవు కొమ్ము చుట్లు చూసి ఎన్ని ఈతలు ఈనిందో చెప్తరు. దీనికి కూడా లెక్క ఉంటది చూడు."

సార్‌కి ఈ మాట చెబితే ఆయన కుర్చీలోంచి లేచారు. అమెరికాలో జాన్ వెల్స్ అనే ప్రొఫెసర్ 1963లో సరిగ్గా అదే పని చేశాడట. పగడం బయటి తోలు మీద వెంట్రుక కన్నా సన్నని గీతలు ఉంటాయి. రోజుకు ఒకటి చొప్పున పెరుగుతుందని, పెద్ద ముడతకు పెద్ద ముడతకు నడుమ ఏడాది అని ఆయన లెక్క. ఇప్పటి పగడాల్లో ఏడాదికి 360 దాకా వచ్చాయి. మధ్య డెవొనియన్ కాలపు పగడాల్లో సుమారు 400 వచ్చాయి. అంటే అప్పుడు ఏడాదికి 400 రోజులు! సూర్యుని చుట్టూ తిరిగే కాలం మారలేదు, భూమి తన చుట్టూ తాను ఇంకా వేగంగా తిరిగేది, కాబట్టి రోజుకు 22 గంటలే. చంద్రుని వల్ల వచ్చే ఆటుపోట్లు భూమికి మెల్లమెల్లగా బ్రేకు వేస్తున్నాయి. ఖగోళ శాస్త్రవేత్తలు వేరే దారిలో వేసిన లెక్కకు ఇది సరిపోయింది. ఆ కాలంలో హాస్టల్ ఉంటే స్టడీ అవర్లో రెండు గంటలు తగ్గించేవారా, నిద్రలో తగ్గించేవారా అని లచ్చు అడిగాడు. వార్డెన్ సార్ జవాబు చెప్పాలి.

మేము కూడా భూతద్దం పెట్టి లెక్కపెట్టాం. నేను రుద్దిన వైపు గీతలు అరిగిపోయాయి. ఇంకోవైపు 60 దాకా వచ్చి కళ్ళు నీళ్ళు కారాయి. అది మావల్ల కాలేదు.

కానీ సెప్టా లెక్క కుదిరింది. రెండు గిన్నెల్లోనూ సుద్దముక్క పొడి చల్లి ఊదితే సందుల్లో తెలుపు నిలిచి పలకలు స్పష్టంగా కనబడ్డాయి. చీపురుపుల్లతో ఒక్కోటి ముట్టుకుంటూ నేను చెప్పడం, లచ్చు పలక మీద గీతలు గియ్యడం. మొదటి రాయిలో మూడుసార్లు లెక్కపెడితే మూడుసార్లూ 76. పొడుగు ఒకటి, పొట్టి ఒకటి, మళ్ళీ పొడుగు ఒకటి. ఒకచోట మాత్రం పలకల వరస తెగి చిన్న గుంట ఉంది. రెండో రాయిలో 91, 94, 97 వచ్చాయి, ఏది నిజమో దేవుడికెరుక. అయితే అందులో గుంట లేదు. చుట్టూ ఒకే తీరుగా, పొడుగువి, వాటికన్నా పొట్టివి, ఇంకా పొట్టివి, అంతస్తులవారీగా ఉన్నాయి.

అప్పుడు సార్ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. రెండు గుంపుల్లోనూ మొదట ఆరు పలకలు పుడతాయి. కొత్త గుంపులో ఆ ఆరింటి మధ్య ఆరు సందుల్లోనూ సమానంగా కొత్తవి వస్తాయి. 6, మళ్ళీ 6, తర్వాత 12, 24, 48. అన్నీ కలిపితే 96. మా 91, 94, 97 అక్కడక్కడే తిరుగుతున్నాయి చూడండి! చివరి వరస అన్నిసార్లూ నిండదు, కాబట్టి సరిగ్గా 96 రావాలని లేదు. పాత గుంపులో ఆరు సందులకు బదులు నాలుగింట్లోనే కొత్తవి వస్తాయి. అందుకే ఒకవైపు సందు మిగిలి గుంట కనబడుతుంది, పగడానికి కుడి ఎడమలు ఏర్పడతాయి. కాబట్టి గుంట ఉన్నది న్యూయార్క్‌ది. భూతద్దంలో చూస్తే దాని పలకల మీద అడ్డంగా చిన్న చిన్న పుల్లలు పేర్చినట్టు ఉంది. అది హీలియోఫిల్లమ్ గుర్తే. ఆ పేరుకు అర్థం సూర్యపత్రం. 1850లో ఫ్రాన్సుకు చెందిన మిల్న్-ఎడ్వర్డ్స్, హైమ్ అనే ఇద్దరు దాని ఒక జాతికి జేమ్స్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త పేరు పెట్టారు. మాది ఆ జాతేనా అనేది మేము రాయలేదు. హీలియోఫిల్లమ్ వరకే రాశాం.

కచ్ రాయి కూడా మాంట్లివాల్టియా వరకే. కచ్ పగడాల మీద గ్రెగరీ అనే ఆయన 1900లో పెద్ద పుస్తకం రాశాడు. 1993లో పాండే, ఫ్యుర్సిష్ అనే ఇద్దరు వాటిని మళ్ళీ మొదటినుంచి పరిశీలించారు. మళ్ళీ ఎందుకు చూడాలి అని అడిగాను. ఒంటరి పగడం రూపం చోటును బట్టి మారుతుందట. బురద పేరుకుపోయే చోట మునిగిపోకుండా పొడుగ్గా పెరుగుతుంది, గట్టి నేల మీద పొట్టిగా వెడల్పుగా పెరుగుతుంది. అలకు ఒరిగిపోతే మళ్ళీ మూతి పైకి తిప్పుకొని పెరుగుతుంది, అందుకే కొమ్ము వంకర. పొడుగుది ఒక జాతి, పొట్టిది ఒక జాతి, వంకరది ఒక జాతి అని పేర్లు పెట్టుకుంటూ పోతే ఒకే తల్లి పిల్లలకు పది ఇంటిపేర్లు అయినట్టే. అందుకే ఒక్క రాయి చూసి జాతి చెప్పకూడదు, ఒకేచోట దొరికినవి పదీ ఇరవై పక్కపక్కన పెట్టి చూడాలి అన్నారు.

ఇదంతా ఎందుకు, రాయికి పేరు తెలిస్తే ఏమొస్తుంది అని మన క్లాసులో కొందరు నవ్వారు. ఒక సంగతి చెబుతా. ఇంగ్లండులో డెవన్ అనే ప్రాంతపు రాళ్ళ వయసు గురించి పెద్ద పెద్దవాళ్ళు పోట్లాడుకుంటుంటే, విలియం లాన్స్‌డేల్ అనే ఆయన 1837లో అక్కడి పగడాలు చూశాడు. ఆయన వాటర్లూ యుద్ధంలో పోరాడిన మాజీ సైనికుడు. ఈ పగడాలు కింది సైలూరియన్ వాటిలాగా లేవు, పై కార్బోనిఫెరస్ వాటిలాగా లేవు, నడిమివి అన్నాడు. దాన్ని పట్టుకొనే 1839లో డెవొనియన్ అని ఒక కాలానికి పేరు పెట్టారు. ఆరు కోట్ల ఏళ్ళ కాలం అది.

మన దగ్గర దొరుకుతాయా అని కూడా అడిగారు. లచ్చు, నేను వాగు వెంబడి వెతికాం కూడా. దొరకవు. మన కొత్తగూడెం, మణుగూరు బొగ్గు పొరల్లో ఆకుల అచ్చులుంటాయి, కానీ అవి నదులు, చిత్తడి నేలల్లో పేరుకున్నవి, పగడానికి సముద్రం కావాలి. ఇటు పాఖాల సున్నపురాయి సముద్రంలో ఏర్పడ్డదే గానీ నూరు కోట్ల ఏళ్ళ పైది, అప్పటికి పగడాలే పుట్టలేదు. గోదావరి దిగువన రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలో సముద్రపు గుల్లలు దొరుకుతాయట. ఎప్పటికైనా చూడాలి.

ఇక నాలుగో రాయి. అది విరిగిన ముక్క, బొటనవేలంత. కింది కొన విరిగిపోయి ఉంది. కొన దగ్గరే పగడం చిన్నప్పటి సంగతి దాగి ఉంటుంది కాబట్టి, విరిగినవైపు కొంచెం అరగదియ్యడానికి సార్ ఒప్పుకున్నారు. సానరాయి మీద నీళ్ళు పోసుకుంటూ రెండు సాయంత్రాలు అరగదీశాం. తడిపి చూస్తే నడుమ ఒక గీత, దానికి రెండువైపులా పలకలు ఈత ఆకు ఈనెల్లా వాలి ఉన్నాయి. పక్కవైపు ఒకదాని మీద ఒకటి చిన్న చిన్న అరుగులు కనబడ్డాయి. పగడం పెరిగేకొద్దీ కింద అరుగు కట్టుకుంటూ పైకి జరుగుతుందట. ఇది పాత గుంపుదే, రుగోసా. అంతే. పుస్తకాల్లో బొమ్మలు చూశాం, దగ్గరగా ఉన్నవి మూడు నాలుగు ఉన్నాయి. ఏ దేశమో, ఏ కొండో, ఏ పొరో తెలిస్తే ఇంకా చెప్పొచ్చు. సార్ గురువుగారు ఇప్పుడు లేరు.

నేను ఆశపడ్డాను. బొమ్మల్లో ఒకటి బాగా కలిసింది, ఆ పేరు రాసేద్దామా సార్ అని అడిగాను. సార్ ఎదురు ప్రశ్న వేశారు. "నీ పుట్టినరోజు ఎప్పుడు?" జూన్ 15 అన్నాను. మన క్లాసులో పదకొండు మందికి అదే పుట్టినరోజని మీకూ తెలుసు. తాత నేను ఇప్పపువ్వు రాలే కాలంలో పుట్టానంటాడు, అది ఎండాకాలం మొదట్లో. చిన్న బడిలో చేర్చినప్పుడు రాసినాయన ఊహించి రాశాడు. నా పేరు కూడా అంతే, ముత్తడు అని చెబితే ముత్యాలరావు అయింది. ఖాళీగా వదిలి ఉంటే తాతను అడిగి రాసుకునేవాళ్ళం. ఇప్పుడు అది మార్చాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో నాయన తిరుగుతూనే ఉన్నాడు. నేను ఇంకేమీ అనలేదు. కూర్చొని చీటీ రాశాను.

సైన్స్ ఫెయిర్లో మాకు ప్రైజు రాలేదు, పొగ వచ్చే అగ్నిపర్వతానికి వచ్చింది. లచ్చుకి తాళంచెవి తిరిగి ఇచ్చారు. రాళ్ళు బీరువాలో రెండో అరలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. చేతులు తడి లేకుండా రండి. నాలుగో రాయి చీటీ ఈసారి పెన్సిల్‌తో రాశాను, నీళ్ళు పడినా పోదు. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నా:

"నంబరు 4. ఒంటరి పగడం, రుగోసా గుంపు. పొడవు 31 మి.మీ., పై వెడల్పు 19 మి.మీ. కొన విరిగింది. బయటి తోలు ఒకవైపే మిగిలింది. కింది కోతలో పలకలు 28, రెండువైపులా వాలి ఉన్నాయి. అరుగులు ఉన్నాయి. జాతి: … స్థలం: … పొర: … ఇవి ఉన్న పాత చీటీని నేను కడిగేశాను. చూసి రాసినవాళ్ళు: లచ్చు, ముత్తడు."

— ముత్తడు (రిజిస్టరులో ముత్యాలరావు), 9వ తరగతి